మా బావగారు అడిగిన ఓట్లు

మా అక్క భర్తకి గుడివాడలో కంప్యూటర్ శిక్షణ సంస్థ ఉంది. టైర్ల కొట్టు మీద రెండో అంతస్తు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా, "అమ్మాయ్, నీకు రోజూ ఓట్లు మిగిలిపోతున్నాయంటగా" అన్నారు.

"ఎవరు చెప్పారండీ?"

"మీ అక్క. పొద్దున్నే లేచి, మిగిలిన ఓట్లు ఎవరికెయ్యాలా అని కూర్చుంటావంట. ముక్కూ మొహం తెలియనోళ్ళకి పోసే బదులు మన సంస్థ పిల్లలకి వెయ్యొచ్చుగా."

కూర మిగిలితే పారబోసే బదులు మాకు పంపొచ్చుగా అన్నట్టే ఉంది ఆ గొంతు. నాకు ఒళ్ళు మండింది. అయినా అక్క మొహం చూసి, "అవి అలా పంచేవి కాదు బావగారూ" అని ఊరుకున్నాను. ఆయన నవ్వి ఫోన్ పెట్టేశారు. ఆయన నవ్వితే పని జరిగిపోయిందని లెక్క. సాయంత్రానికల్లా నన్ను వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేర్చేశారు.

ఈ ఓట్ల సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. నేను బందరులో ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి పనిచేస్తాను. తెలుగు పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళకి కావలసిన సాఫ్ట్‌వేర్ రాయడం మా పని. ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ చేరే సైటు ఒకటుంది. అక్కడ ఒకరు ప్రశ్న అడుగుతారు, తెలిసినవాళ్ళు జవాబు రాస్తారు. జవాబు పనికొస్తే ఒక ప్లస్ ఓటు, తప్పయితే ఒక మైనస్ ఓటు. జీతం లేదు, బహుమతి లేదు. ఓట్లు పడితే రాసినవాడికి కాసిని పాయింట్లు, జవాబు పైకి లేస్తుంది, వెతుక్కుంటూ వచ్చినవాడి కంట పడుతుంది. అంతే. ఒక్కొక్కరికి రోజుకి ఇన్ని అని ఓట్లు ఇస్తారు. ఆ రోజు వాడుకోనివి మర్నాటికి రావు. వాళ్ళ లెక్కలో రోజు మారేది మనకి తెల్లవారి ఐదున్నరకి.

దానికి అరగంట ముందే మా వీధిలో మున్సిపాలిటీ కుళాయి వస్తుంది. మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. పగలంతా నా పనికి అక్కరకొచ్చిన జవాబులకి ఓట్లు వేస్తూనే ఉంటాను, అయినా సగానికి పైగా మిగిలిపోతాయి. వాటితో నేను చేసేది ఒకటే. ఎప్పుడో ఎవరో రాసి, ఒక్క ఓటూ పడక అడుగున పడి ఉన్న జవాబులు వెతుకుతాను. కోడ్ తీసి నా మెషిన్‌లో నడుపుతాను. పనిచేస్తే ప్లస్. చెయ్యకపోతే ఎక్కడ తప్పిందో రెండు ముక్కలు రాసి మైనస్. అర్థం కాకపోతే ముట్టుకోను. అన్నీ ఖర్చవ్వాలని నియమమేమీ లేదు. చాలా రోజులు రెండు మూడు జవాబులు చూసేసరికే ట్యాంకు నిండిపోతుంది, మిగిలినవి మురిగిపోతాయి.

పనిలో చేరిన కొత్తలో నన్ను గట్టెక్కించింది అలాంటి జవాబే. దాని కింద సున్నా తప్ప ఇంకేమీ లేదు. రాసినాయన ఏ దేశంవాడో తెలియదు. ఆయనకి నేను వేసిన ఓటే మొదటిది. ఆ రోజు మొదలైన అలవాటు ఇది. దీన్ని దానధర్మం అనుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

సరే, గ్రూపు. దాని పేరు చివర "ఫ్యామిలీ" అని ఉంది. ఈ రోజుల్లో ఎవరైనా దేన్నైనా ఫ్యామిలీ అన్నారంటే మనల్ని ఏదో అడగబోతున్నారని అర్థం. రోజూ సాయంత్రం అందులో వాళ్ళ పిల్లల్లో ఒకరు సైటులో రాసిన జవాబు లింకు పడుతుంది. దాని కింద ఒకరి తర్వాత ఒకరు "డన్ సార్", "డన్ సార్" అంటారు. ఎవరూ చదవరు. తలుపు నెట్టుకుని లోపలికి పోయినట్టు లింకు నొక్కి, ఓటు నొక్కి, బయటికి వచ్చేస్తారు. ఇంతమంది చదువుకున్న పిల్లలు ఇంత శ్రద్ధగా ఏమీ చదవకుండా ఉండటం నేనెక్కడా చూడలేదు.

నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు బావగారు నాకు విడిగా ఒక లింకు పంపి, కింద వాయిస్ మెసేజ్ పెట్టారు. "మన టాపర్ జవాబమ్మా ఇది. తెలుగు మీద. నీ సబ్జెక్టే కదా. ఒక్క ఓటు."

నా సబ్జెక్టే కదా అని తెరిచాను. ప్రశ్న మంచిదే. తెలుగు మాట ఇస్తే అందులో ఎన్ని అక్షరాలున్నాయో ప్రోగ్రాము చెప్పాలి. వినడానికి ఒకటో తరగతి లెక్కలా ఉంటుంది గానీ, కంప్యూటరుకి మన గుణింతం ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. టాపర్ జవాబు అన్నిటికన్నా పైన ఉంది, బోలెడన్ని ఓట్లతో. అతను గుణింతపు గుర్తులు తీసేసి మిగిలినవి లెక్కపెట్టమన్నాడు. "గుడివాడ" ఇచ్చి చూశాను. నాలుగు అంది, సరిపోయింది. "కృష్ణా" ఇచ్చాను. మూడు అంది. ఒత్తు ఉన్న ప్రతి మాటా తప్పే. "చల్లపల్లి" ఆరు అక్షరాలైంది.

వాళ్ళు తమ ఊరి పేరుతో చూసుకుని ఊరుకున్నారన్నమాట. గుడివాడలో ఒత్తు లేకపోవడం వాళ్ళ అదృష్టం.

అదే పేజీలో అట్టడుగున ఇంకో జవాబు ఉంది. దానికి మైనస్‌లు పడి, అక్షరాలు వెలిసిపోయి, ఉందో లేదో అన్నట్టుంది. పేరు స్థానంలో ఏదో మారుపేరు. ఇంగ్లీషు తడబడుతూ ఉంది గానీ లోపల విషయం స్పష్టంగా ఉంది. హల్లు కింద హల్లు చేరితే ఆ రెంటినీ కలిపి ఒకటే అక్షరంగా ఎందుకు లెక్కపెట్టాలో, పొల్లు ఎప్పుడు విడిగా ఉంటుందో, ఒక్కో మెట్టూ రాశారు. నడిపాను. "కృష్ణా" రెండు. "రాష్ట్రం" రెండు. "మచిలీపట్నం" ఐదు. నాకు తోచిన కఠినమైన మాటలన్నీ ఇచ్చాను, ఒక్కటీ తప్పలేదు.

పై జవాబుకి మైనస్ వేశాను. "కృష్ణా, చల్లపల్లి అనే మాటలతో నడిపి చూడండి, తప్పు వస్తోంది. కింది జవాబు సరైనది" అని నా పేరుతోనే రాశాను. కింది జవాబుకి ప్లస్ వేశాను. నేను వేశాక కూడా అది మైనస్‌లోనే ఉంది.

గంటలోపే ఫోన్ వచ్చింది.

"ఏంటమ్మా ఇది? ఓటు వెయ్యమంటే కిందకి లాగావు?"

"తప్పు జవాబు బావగారూ. నడిపి చూశాను."

"ఇంతమంది కరెక్టు అంటుంటే నీకొక్కదానికే తప్పయ్యిందా?"

"ఆ ఇంతమందీ మీ క్లాసులోవాళ్ళేగా."

ఆయన గొంతు తగ్గించి, "కింద ఉన్న జవాబు ఎవరిదో తెలుసా నీకు? అదీ మా దగ్గర నేర్చుకునే ఆవిడదే. దివిసీమ నుంచి వచ్చింది. గ్రూపులో డన్ పెట్టదు, చెప్పిన మాట వినదు. అందుకే మనోళ్ళు కాస్త బుద్ధి చెప్పారు" అన్నారు.

ఆ మైనస్‌లు ఎక్కడివో అప్పుడు తెలిసింది. తప్పు జవాబుని మొయ్యడం ఒక ఎత్తు. సరైన జవాబు రాసినందుకు పదిమంది చేరి ఒక మనిషిని తొక్కడం, దాన్ని ఈయన బుద్ధి చెప్పడం అనడం ఇంకో ఎత్తు. ఉంటానండీ అని ఫోన్ పెట్టేశాను. అనాలనుకున్న మాటలేవీ బావగారితో అనగలిగినవి కావు.

ఆ నెలలోనే ఆయన సంస్థ వార్షికోత్సవం. ఉదయం కృతజ్ఞతా ప్రార్థన, తర్వాత సభ, తర్వాత బిర్యానీ. రాకపోతే అక్క బాధపడుతుందని బందరు నుంచి రైల్లో వెళ్ళాను. టైర్ల కొట్టు పక్కన మెట్ల దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. టాపర్ కోటు వేసుకుని చేతులు కట్టుకుని ఉన్నాడు. అతని తల చుట్టూ పాయింట్లు, సూర్యుడి చుట్టూ కిరణాల్లా. పక్కన కొంచెం చిన్న సైజులో మా బావగారు, వేలు చూపిస్తూ. అడ్మిషన్లు జరుగుచున్నవి అని అడుగున.

అదీ అసలు సంగతి. ఆ పాయింట్లు పిల్లలకోసం కాదు, ఫ్లెక్సీ కోసం.

పాస్టరుగారు పెద్దాయన, మంచి మనిషి. ఎవరో రాసిచ్చిన కాగితం చూసి, ఈ బిడ్డల పాయింట్లు ఇంకా అభివృద్ధి చెందాలని ప్రార్థన చేశారు. ఆ పాయింట్లేమిటో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమెన్ అన్నారందరూ. నేనూ అన్నాను, అలవాటు కొద్దీ.

తర్వాత బావగారు మైకు తీసుకుని, "ఇప్పుడు మా స్పెషాలిటీ, టీమ్ స్పిరిట్ అంటే ఏంటో చూపిస్తాం" అన్నారు. తెర మీద ఒక లింకు వేశారు. పిల్లలందరూ ఒక్కసారిగా లాప్‌టాప్‌ల మీదకి వంగారు. తెర మీద ఓట్ల అంకె గబగబా పెరిగింది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నా పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ముప్పై దాటి ఉంటుంది. ముతక నేత చీర, మెడలో ఐడీ కార్డు.

"మీరు నొక్కలేదేమండీ?" అన్నాను.

"చదవలేదండి ఇంకా" అంది.

అంతే అంది. అదేదో గొప్ప మాట అన్నట్టు కూడా అనలేదు. నా పేరు చెప్పి, అక్షరాల జవాబు మీదేనా అని అడిగితే తలూపింది. చల్లపల్లిలో ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్పేదట. అవనిగడ్డ దాటాక వాళ్ళ ఊరు. గుడివాడలో పిన్నిగారింట్లో ఉండి నేర్చుకుంటోందట.

"మీరేనా మేడమ్ దానికి ప్లస్ వేసింది? కామెంటులో మీ పేరు చూశాను" అంది. నేను అవునన్నాను. ఆవిడ మొహంలో సంతోషమేమీ కనపడలేదు. "నాకు మైనస్‌లు పడ్డాయని జాలిపడి వేశారా?" అని అడిగింది.

"మీరెవరో నాకప్పటికి తెలియదు. నడిపాను, పనిచేసింది, వేశాను."

"అయితే సరేనండి" అంది. అప్పుడు కాస్త నవ్వింది.

ఈలోగా బావగారు, బందరు నుంచి వచ్చిన మా మరదలు, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పొజిషన్‌లో ఉంది, రెండు మాటలు చెబుతుంది అని నన్ను పిలిచారు. నాది అంత పెద్ద పొజిషనేమీ కాదు. వేదిక ఎక్కి, టాపర్‌ని రమ్మన్నాను. అతని కోడ్‌ని తెర మీద పెట్టి "కృష్ణా" అని కొట్టమన్నాను. అతను కొట్టాడు. తెర మీద మూడు వచ్చింది.

"ఎన్ని అక్షరాలండీ?" అని సభని అడిగాను.

ముందు వరసలో పాస్టరుగారు వేళ్ళ మీద, "కృ, ష్ణా" అని మెల్లగా అనుకుని, "రెండే కదమ్మా" అన్నారు.

"టెక్నికల్‌గా మూడేనండి" అన్నారు బావగారు మైకులో.

చదువుకున్నవాడు తప్పు ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి ఈ టెక్నికల్‌గా అనే మాటని మించింది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నేను పిల్లల్నే అడిగాను, "దీనికి ఓటు వేసినవాళ్ళలో ఎవరైనా ఒక్కసారి నడిపి చూశారా?" అని. ఒకమ్మాయి లేచి, "సార్ వెయ్యమన్నారు మేడమ్" అంది. టాపర్ తలొంచుకుని తెర వంకే చూస్తున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళెవరూ తప్పని చెప్పలేదు, సరైనది రాసినావిడని తొక్కేశారు. నేర్చుకోవలసిన చోట చప్పట్లు కొట్టారు.

"మీకు రోజూ వచ్చే ఓట్లు మీవి. చదవకుండా వేసేకంటే మురగబెట్టుకోండి, ఎవరికీ నష్టం లేదు" అని చెప్పి దిగిపోయాను. చప్పట్లు పడలేదు. బిర్యానీ మాత్రం పెట్టారు. మా అక్క నా ప్లేటులో మాంసం ముక్కలు వేస్తూ, నా మొహం చూడకుండా, "నీకెందుకే ఇదంతా" అంది.

ఇంటికి వచ్చాక సైటు నడిపేవాళ్ళకి ఫిర్యాదు పెట్టాను. ఒకే గుంపు, ఒకే వేళకి, ఒకరికొకరు వేసుకుంటున్నారని, వద్దన్నవాళ్ళ మీద మైనస్‌లు గుమ్మరిస్తున్నారని రాశాను. వాళ్ళు ఎవరినీ ఏమీ అడగలేదు. కొన్ని రోజులకి ఆ ఓట్లన్నీ వెనక్కి తీసేశారు, ప్లస్‌లూ మైనస్‌లూ కూడా. కొందరి ఖాతాలు కొంతకాలం ఆపేశారు. టాపర్ పాయింట్లు కొత్తగా చేరినవాడి పాయింట్లంత అయ్యాయి. అక్షరాల ప్రశ్నలో కింద ఉన్న జవాబు, ఎవరూ తొక్కకపోయేసరికి, తనంతట తను పైకి వచ్చి కూర్చుంది.

బావగారు ఫోన్ చేశారు. "కంప్లైంటు ఎవరు పెట్టారో నీకేమన్నా తెలుసా?" అన్నారు.

"నేనేనండి."

ఆయన అది ఊహించలేదనుకుంటాను. కాదంటానని, తర్వాత నన్ను అనుమానిస్తూ నాలుగేళ్ళు గడపొచ్చని అనుకుని ఉంటారు. "సొంత మనుషులమీద?" అన్నారు చివరికి.

"సొంత మనుషులని చెప్పే నన్ను గ్రూపులో వేశారు బావగారూ. లేకపోతే నాకు తెలిసేదే కాదు."

కొన్నాళ్ళు రెండిళ్ళ మధ్య మాటల్లేవు. అక్క నాతో మాట్లాడటం మానలేదు గానీ ఆయన ఇంట్లో లేనప్పుడే ఫోన్ చేసేది. సంస్థ మూతపడిందనుకుంటారేమో, అదేమీ లేదు. అలాంటివి మూతపడవు. ఫ్లెక్సీ మారింది. పాయింట్ల స్థానంలో ఇప్పుడు కృత్రిమ మేధ సర్టిఫికెట్లు వచ్చాయి. వేలు చూపించే ఫొటో మాత్రం పాతదే.

దివిసీమ ఆవిడ అక్కడ మానేసింది. ఊరికి వెళ్ళిపోయి సొంతంగా నేర్చుకుంటానంది. "ఫోన్‌లో డేటా బాగానే వస్తుందండి మాకు, కరెంటే కొంచెం" అంది. అప్పుడప్పుడు మెసేజ్‌లు పెట్టేది. ఒకరోజు వెబ్ పేజీల్లోంచి తెచ్చుకున్న తెలుగు పాఠంలో చెత్త ఎలా తీసెయ్యాలి అనే ప్రశ్నకి జవాబు రాశానని చెప్పింది. ఓటు వెయ్యమని అడగలేదు. పొద్దున కుళాయి వేళకి నేనే తెరిచి నడిపాను. కంటికి కనపడని గుర్తులన్నీ తీసేస్తోంది ఆ కోడ్. అందులో కొన్ని మనకి కావలసినవి, పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేవి. "బస్‌స్టాండ్" ఇస్తే స కింద స ఒత్తు, దాని కింద ట ఒత్తు చేరి ముద్దయిపోయింది. నేను ఓటు వెయ్యలేదు. తప్పు ఎక్కడో కామెంటులో రాశాను.

మర్నాడు ఫోన్ చేసింది. "మైనస్ కూడా వెయ్యలేదేమండీ?"

"దిద్దుకుంటారని."

"వెయ్యాల్సిందండి. నాకొక్కదానికి ఎందుకు మినహాయింపు?"

ఆ సాయంత్రానికి ఆవిడ కోడ్ సరిచేసింది. మళ్ళీ నడిపి, ప్లస్ వేశాను.

ఈ మధ్య ఒక ఉదయం నా ఖాతా తెరిస్తే నా పాత జవాబు ఒకదానికి మైనస్ పడి ఉంది. తేదీలు మార్చే కోడ్ అది, ఎంతోమంది మెచ్చుకున్నది. నాకు మంట పుట్టింది. ఎవడో చదవకుండా నొక్కాడు, బావగారి మనుషులెవరైనా అయి ఉంటారు అనుకున్నాను. కింద కామెంటు ఉంది. కొత్త వెర్షన్‌లో ఆ ఫంక్షన్ తీసేశారు, ఇప్పుడు ఇది నడవదు, చూడగలరు అని. దివిసీమ ఆవిడ మారుపేరు.

నడిపాను. నడవలేదు.

పని మొదలుపెట్టకముందే కూర్చుని జవాబంతా కొత్తగా రాశాను. తర్వాత ఆవిడకి ఫోన్ చేసి, "సరిచేశానమ్మా, ఇక ఆ మైనస్ తీసెయ్యొచ్చు" అన్నాను.

అటునుంచి కోళ్ళ అరుపులు, ఎవరో అమ్మాయి జడ వెయ్యమని పిలవడం వినిపించాయి. "పాపని బడికి పంపించి చదువుతానండి" అంది ఆవిడ. "నడిపి చూసి చెబుతాను."

మధ్యాహ్నానికి మైనస్ పోయింది. ప్లస్ మాత్రం వెయ్యలేదు. రెండు రోజులాగి, ఇంకో కామెంటు రాసింది, లీపు సంవత్సరం సంగతి చూశారా అని.